చిరుతపులి ఎవరి చుట్టం? తాడోబా, గిర్, కూనో, కోరింగ యాత్రకు ముందు చూసుకోవలసినవి

తెలుగులో చారలున్నదీ పులే, మచ్చలున్నదీ పులే. ఆ లెక్కన చిరుతపులి పెద్దపులికి తమ్ముడు కావాలి. డీఎన్‌ఏ మాత్రం ఆ వరస ఒప్పుకోదు. చిరుతకు దగ్గరి చుట్టాలు సింహమూ, అమెరికా ఖండాల జాగ్వారూ. పెద్దపులికి అందరికన్నా దగ్గరిది హిమాలయాల మంచు చిరుత. 2006 నాటి జన్యు అధ్యయనం పిల్లి కుటుంబాన్ని 8 శాఖలుగా చూపింది. అందులో పెద్దపిల్లుల శాఖ సుమారు 1.08 కోట్ల ఏళ్ల కిందటే మిగతావాటి నుంచి వేరుపడింది. 2017 జాబితా ప్రకారం ప్రపంచంలో ఉన్నవి 41 జాతులు. మన దేశంలో సహజంగా తిరిగేవి 15, తెచ్చి వదిలిన చీతా అదనం.

తెలుగు రాష్ట్రాల నుంచి బయల్దేరేవారికి నాలుగు శాఖల పిల్లులున్న చోట్లు అందుబాటులోనే ఉన్నాయి. అన్నిచోట్లా ఒకే రకం ఏర్పాట్లతో వెళ్తే మాత్రం డబ్బు దండగ.

పెద్దపులి కోసమే అయితే తాడోబా. అది ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా మనకు పక్కిల్లు లాంటిది. అక్కడి పులులే కాగజ్‌నగర్ అడవుల్లోకి నడిచి వస్తుంటాయి. సికింద్రాబాద్, కాజీపేటల నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైలెక్కి బల్లార్షాలో దిగి, అక్కడి నుంచి కారు మాట్లాడుకోవడం తేలిక. కోర్ అడవి, అంటే నడిమధ్య భాగం, మంగళవారం మూత, జులై నుంచి సెప్టెంబరు దాకా కూడా మూతే. ఆ మూడు నెలల్లో చుట్టూ ఉండే బఫర్ అడవి గేట్లు కొన్ని తెరిచి ఉంటాయి గానీ పచ్చదనం కమ్మేసి పది అడుగుల అవతల ఏముందో కనబడదు. పులి కోసమైతే ఏప్రిల్, మే నెలలే మంచివి. టేకు ఆకు రాలిపోయి, నీళ్లు కొన్ని గుంటల్లోనే మిగులుతాయి, జంతువు అక్కడికి రాక తప్పదు. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పైకప్పు లేని జిప్సీలో మనిషికి 2 లీటర్ల నీళ్లు, తడిపి తలకు చుట్టుకునే తువ్వాలు లేకుండా మధ్యాహ్నం సఫారీకి ఎక్కొద్దు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇదే జిప్సీలో దుప్పటి కావాలి.

తాడోబాలో ఎక్కువమంది బోల్తాపడేది గేటు దగ్గర. మోహర్లీ, కోలారా, నవేగావ్... ఇలా గేట్లు చాలా ఉన్నాయి, పర్మిట్ ఏ గేటుకి తీస్తే ఆ గేటులోంచే లోపలికి. మోహర్లీలో గది, కోలారాకు పర్మిట్ అయితే అడవి చుట్టూ బయటి రోడ్డు మీద చీకట్లోనే ప్రయాణం మొదలుపెట్టాలి. కాబట్టి ముందు పర్మిట్, తర్వాతే గది. ‘గేటుకి ఐదు నిమిషాలే’ అని రిసార్టు వాళ్లు చెబితే ‘ఏ గేటుకి?’ అని అడగండి. పర్మిట్‌లో ఉన్న పేరు, చూపించే గుర్తింపు కార్డు ఒకటే కావాలి, ఒరిజినలే పట్టుకెళ్లాలి. కోర్‌లోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరు. ఫోన్ కెమెరాను నమ్ముకున్నవాళ్లకు ఫొటోలు ఉండవు. చిన్నదైనా సరే, విడి కెమెరా ఒకటి అద్దెకు తీసుకోండి.

జిప్సీలో ఆరుగురికి చోటు. వెనక సీటు ఎత్తుగా ఉండి చూపు బాగా ఆనుతుంది, దుమ్మూ కుదుపులూ దానికే ఎక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందు వరస అడగాలి. ఒక్క సఫారీతో సరిపెట్టుకుని పులి కనబడలేదని తిట్టుకోవడం న్యాయం కాదు. నాలుగు సఫారీలు, అంటే రెండు ఉదయం, రెండు మధ్యాహ్నం పెట్టుకుంటే అడవికి అవకాశం ఇచ్చినట్టు. ‘పులి గ్యారంటీ’ అనే ఏజెంటు దగ్గర బుక్ చేయకపోవడమే మేలు. నీటిగుంట దగ్గర కదలకుండా కూర్చుని పులి జాడ చెప్పే కొండముచ్చు దగ్గులాంటి అరుపుకి చెవి ఒగ్గే డ్రైవరు, ఎక్కడో పులి కనబడిందన్న కబురు వెంట పరిగెత్తే డ్రైవరు కన్నా నయం.

పులి తల తిప్పినప్పుడు చెవి వెనక చూడండి. నల్లటి చెవి మీద తెల్లటి చుక్క ఒకటి ఉంటుంది. సింహానికి ఆ చుక్క ఉండదు.

ఆ తేడా చూడాలంటే గుజరాత్‌లోని గిర్ వెళ్లాలి. 2025 లెక్కల్లో గిర్, చుట్టుపక్కల సౌరాష్ట్ర అంతా కలిపి సింహాలు 891. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు రైలుంది, అక్కడి నుంచి జునాగఢ్ మీదుగా రోడ్డు మార్గంలో, గిర్ సఫారీలు మొదలయ్యే సాసణ్. అడవి జూన్ 16 నుంచి అక్టోబరు 15 దాకా మూత. పర్మిట్ ఒక ఖర్చు, జిప్సీ ఒకటి, గైడు ఒకటి. అన్నీ కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. లోపల ఏ రూటు ఇస్తారో మన చేతిలో లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే దేవళియాలో ఒక పూట కలుపుకోండి. అది కంచె వేసిన సఫారీ, బస్సులో తిప్పుతారు, సింహం దాదాపు ఖాయం. బుధవారం సెలవు. అడవి అనుభవం అక్కడ ఆశించకూడదు, అంతే. సోమనాథ్ దర్శనం పెట్టుకున్న కుటుంబాలకు గిర్ దారిలోనే పడుతుంది.

గిర్ మగ సింహానికి జూలు పలచన, చెవులు పైకి కనబడతాయి. పొట్ట కింద పొడుగునా వేలాడే చర్మపు మడత ఆసియా సింహాలకు పెద్ద గుర్తు. దగ్గరగా కూన కనబడితే కాళ్ల మీద చూడండి, లేత మచ్చలుంటాయి. చిరుతతో చుట్టరికం చదివినవాళ్లకు ఆ మచ్చలు చూస్తే ముచ్చటేస్తుంది.

చీతాలను తెచ్చి వదిలిన మధ్యప్రదేశ్ కూనో గురించి రెండు మాటలు చాలు. మన పేపర్లు చీతాను ‘చిరుత’ అని రాసి గందరగోళం చేశాయి. చీతా అమెరికా ప్యూమా శాఖకు చెందింది, గర్జించదు, పిల్లిలా గుర్రుమంటుంది. 1952లో మన దేశంలో అంతరించిందని ప్రకటించారు, 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8 వచ్చాయి. చీతా కనబడుతుందనే ఆశ మీద మాత్రం టికెట్ తీయకండి. రణథంభోర్ వెళ్తూ ఒక పూట ఆగడం వరకు సరే.

ఇక మన నల్లమలలో అయితే, అమ్రాబాద్‌లోని మన్ననూరు, ఫర్హాబాద్, నంద్యాల వైపు బైర్లూటి, పచ్చర్ల క్యాంపులు బసకు బాగుంటాయి. పులి కోసమని వెళ్తే నిరాశే, నల్లమల చూడటానికైతే వెళ్లండి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో వాహనాలను వదలరు, చెక్‌పోస్టు దగ్గర తెల్లారేదాకా కూర్చోవాల్సి రావచ్చు.

కాకినాడ పక్కన కోరింగ వేరే కథ. నీటిపిల్లి, బావురుపిల్లి అని పిలిచే ఫిషింగ్ క్యాట్ ఇక్కడి మడ అడవిలో ఉంది. వంశంలో అది పులి కన్నా మన ఇంటి పిల్లికే దగ్గర. ఇంటి పిల్లి, జంగుపిల్లి ఒక శాఖ, వాటి పక్క శాఖలోనే నీటిపిల్లి. పగలు పర్యాటకులకు కనబడటం అరుదు, రాత్రి జంతువు అది. అందుకని అడుగుల కోసం వెళ్లండి. కాకినాడలోనే మామూలు హోటల్లో దిగి (కాజా ఎలాగూ కొంటారు) యానాం రోడ్డులో సుమారు 18 కిలోమీటర్లు వెళ్తే చెక్క వంతెన వస్తుంది. పోటు సమయంలో బురద నీళ్ల కింద ఉంటుంది. పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గే వేళ, ఎప్పుడో ముందు రోజే జాలర్లనో, పడవ వాళ్లనో అడిగి, నీళ్లు దిగిన గంటలో వంతెన మీదుండాలి. పడవ కూడా ఆటుపోట్లను, గాలిని బట్టే నడుస్తుంది.

బురదలో నీటికుక్క (ఆటర్) అడుగుకు ఐదు వేళ్లు. నక్కకు నాలుగు, ముందు గోళ్ల గుర్తులతో సన్నగా పొడుగ్గా ఉంటుంది. పిల్లిదీ నాలుగే, గుండ్రంగా ఉండి వెనక మెత్త అంచు మూడు వంపులు తిరుగుతుంది. మామూలుగా పిల్లి అడుగులో గోళ్లు పడవు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకని ఒక్కోసారి పడతాయి. గోళ్లు చూడగానే నక్క అనేయకుండా వెనక మెత్త చూసి చెప్పండి. ఫొటో తీసేటప్పుడు పక్కన పెన్నో, నాణెమో పెట్టండి. పోటు వస్తే ఆ అడుగు మళ్లీ ఉండదు.