డాక్టర్‌గారికి 5 స్టార్లు, కౌంటర్‌కి ఒక్కటి కూడా ఎక్కువే

మా పిన్ని కూతురికి 17 ఏళ్లు. దాన్ని తీసుకుని ఈ ప్రసూతి ఆస్పత్రికి ఇప్పటికి మూడుసార్లు వెళ్లా. పేరు చెప్పను, ఇంకా కాన్పు అక్కడే అవ్వాలి.

ముందు కౌంటర్ సంగతి. వయసు అడిగితే ఇది మెల్లగా చెప్పింది, ఆవిడేమో "ఎంతా? పదిహేడా?" అని హాలంతా వినపడేలా మళ్లీ అడిగింది. తర్వాత భర్త పేరు. ఇది తలొంచేసుకుంది. అది వదిలేయండి మేడం అన్నాను, "ఖాళీ వదిలేస్తే కంప్యూటర్ తీసుకోదమ్మా" అంటూ వెనక లైన్లో వాళ్ల వంక చూసి ఓ నవ్వు నవ్వింది చూడండీ, స్టార్లన్నీ అక్కడే పోయాయి.

వెయిటింగ్ గంటన్నర. అంతసేపూ ఇది కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది, పేరు పిలిచాక కూడా దించలేదు, పొట్టకి అడ్డం పెట్టుకునే లోపలికి నడిచింది. పక్కనున్న పెద్దావిడ "పెళ్లయిందా ఈ పిల్లకి" అని నన్నడుగుతోంది, అదక్కడ లేనట్టే. ఆ అబ్బాయి వయసెంతని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు లెండి.

డాక్టర్‌గారు వేరే. తలుపేసి ముందు నన్ను బయటికి పంపేశారు, దాంతో ఒక్కదాంతో మాట్లాడాలట. నాకు కొంచెం గుచ్చుకుంది నిజం చెప్పాలంటే, కానీ నా ముందు నోరు విప్పనిది ఆవిడ దగ్గర ఇరవై నిమిషాలు మాట్లాడింది. తర్వాత నన్ను పిలిచి అన్నీ విడమరిచి చెప్పారు. 10-19 ఏళ్ల తల్లులకి, 20-24 ఏళ్లవాళ్ల కంటే ఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువంట, కాన్పయ్యాక గర్భసంచికి ఇన్ఫెక్షన్లు కూడా, బిడ్డ నెలలు నిండకుండా బరువు తక్కువగా పుట్టే భయం కూడా ఉందంట. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలు కమ్మినా, మొహం ఉబ్బినా అర్ధరాత్రయినా వచ్చేయమన్నారు. ఇన్నాళ్లూ ఏం చేశారని మాత్రం ఒక్క మాట అనలేదు.

అనాల్సిందే నిజానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెప్తున్న లెక్క కనీసం 8 చెకప్‌లు, మొదటిది 12 వారాల్లోపు. మేం మొదటిసారి వెళ్లేసరికి ఐదో నెల. అప్పటిదాకా లూజు షర్టులేసుకుని ఇంట్లో మాకే తెలీకుండా తిరిగింది, ఎవరికైనా చెప్తే ఏమంటారో అని. ఏమంటారో కౌంటర్ దగ్గర విన్నాం కదా.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట, వయసు నోటితో చెప్పకండి, చీటీ మీద రాసివ్వండి. రెండోసారి మేం అదే చేశాం. ఆవిడ చీటీ తీసుకుని పైకి చదివింది.

మూడోసారి గేటు దగ్గరే ఆగిపోయి, "అక్కా, నువ్వెళ్లి రాయించు, నేను మెట్ల కింద ఉంటా" అంది. బ్యాగు ఇప్పుడు చాలట్లేదు దానికి.