ప్లగ్ పీకి మరీ చూసిన నాస్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మాది భీమవరంలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. ఫైళ్లన్నీ నాస్‌లో, అంటే నెట్‌వర్క్ మీద అన్ని కంప్యూటర్లూ వాడుకునే నిల్వ పెట్టెలో ఉంటాయి. ఎండాకాలం సాయంత్రం గాలి లేచిందంటే ఫీడర్ ట్రిప్ అవుతుంది. కరెంటు వస్తుంది, నిమిషం ఉంటుంది, మళ్లీ పోతుంది. అందుకని ఈ సమీక్షలో స్పీడు గురించి ఒక్క ముక్కే: గిగాబిట్ లైన్ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, మా ఎడిటింగ్‌కు చాలు. మిగతాదంతా ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందన్నదే.

పెట్టె సొంతంగా కూర్చినది. పాత డెస్క్‌టాప్ బోర్డు, రెండు 8 టీబీ హార్డ్ డిస్కులు మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా), పైన ట్రూనాస్ అనే నాస్ ఆపరేటింగ్ సిస్టమ్. మూఢంలో ముహూర్తాలుండవు, స్టూడియోలో పనీ ఉండదు. ఆ రోజుల్లోనే దీన్ని ఏడిపిస్తుంటాను. గోడ దగ్గర స్విచ్ ఆపేయడమే పరీక్ష. రీసెట్ బటన్ నొక్కి పరీక్షించామని చెప్పేవాళ్లున్నారు, అది లెక్కలోకి రాదు. రీసెట్‌లో డిస్కులకు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి, వాటి సొంత క్యాష్‌లో (తాత్కాలిక జ్ఞాపకంలో) ఉన్నది నింపాదిగా పళ్లెం మీదకు చేరుతుంది. నిజంగా కరెంటు పోయినప్పుడు ఆ అవకాశం లేదు.

ముందు మంచి మాట. ఎంత రాత నడుస్తుండగా ఆపినా, పూల్ (డిస్కులన్నీ కలిసిన నిల్వ) ఒక్కసారి కూడా చెడిపోలేదు. ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్, పాత బ్లాకు మీద కొత్తది రాయదు. కొత్త చోట రాసి, అంతా అయ్యాకే పైనున్న సూచికను మారుస్తుంది. మధ్యలో ఆగిపోతే పాత స్థితి అలాగే ఉంటుంది. గంటలకొద్దీ డిస్క్ చెక్ నడవడమంటూ లేదు. పెట్టె లేవగానే పూల్ వచ్చేస్తుంది, తర్వాత స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం) పెడితే చెక్‌సమ్ కాలమ్‌లో సున్నాలే, అంటే ఒక్క తప్పూ లేదు. రెయిడ్-5 అనే అమరికలో డేటా రాయడానికీ, ఒక డిస్కు పోతే దాన్ని తిరిగి కట్టే పారిటీ రాయడానికీ మధ్య కరెంటు పోతే వచ్చే చిక్కు మిర్రర్‌లో ఎలాగూ లేదు.

పూల్ బాగుందంటే మన ఫైలు బాగున్నట్టు కాదు. చాలామంది సమీక్షకులు ఇక్కడే ఆగిపోతారు.

విండోస్ నుంచి ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్) మీద కెమెరా కార్డు కాపీ చేస్తాం. వంద శాతం అయిపోయి కాపీ విండో మూసుకుంటుంది. ఆ క్షణానికి చివరి భాగం ఇంకా నాస్ ర్యామ్‌లోనే ఉండొచ్చు, ఎందుకంటే జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా 5 సెకన్లకోసారి మూటగట్టి డిస్కు మీదకు దింపుతుంది. కాపీ అయిన వెంటనే స్విచ్ ఆపి చూశాను, చివరి క్లిప్పు తోక తెగిపోయింది. మన కుర్రాళ్లేమో కాపీ అవ్వడం ఆలస్యం కార్డు ఫార్మాట్ కొట్టేస్తారు, తర్వాత ఫంక్షన్‌కి కావాలి కదా! తాళికట్టే ఘట్టం మళ్లీ తీయలేం. కార్డులు దించే డేటాసెట్‌కు (పూల్‌లో ఒక భాగం) సింక్‌ను ‘ఆల్వేస్’ అని పెట్టాను, అంటే డిస్కు మీద పడ్డాకే రాసినట్టు లెక్క. కాపీ బాగా నెమ్మదించింది, పర్వాలేదు.

మధ్యలో తెగిన కాపీ ఇంకో రకం మోసం చేస్తుంది. ఫైలు సైజు చూస్తే నిండుగా ఉంటుంది, తెరిస్తే సగం నుంచి ఖాళీ. అందుకే సైజు చూసి నమ్మను, హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) పోల్చాకే కార్డు ఇస్తాను. లినక్స్ మెషిన్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను (లినక్స్ వైపు ఫైల్ షేరింగ్) హార్డ్ మౌంట్, అంటే నాస్ జవాబిచ్చేదాకా ఆగేలా, చేస్తే మాత్రం ముచ్చటగా ఉంటుంది. నాస్ పోగానే ఎడిటర్ బిగుసుకుపోతుంది, తిరిగి లేవగానే, డిస్కుకు చేరని భాగాన్ని మళ్లీ పంపి, ఏమీ జరగనట్టు కదులుతుంది.

సింక్ రాతలు నెమ్మది కావడానికి కారణం సులువే. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లు పైన పడుతుంది. దానికి విరుగుడుగా, ఆ రాతలను ముందుగా దాచుకునే లాగ్ కోసం ఒక చవక ఎస్‌ఎస్‌డీ తగిలించాను. స్పీడు పెరిగింది. కానీ బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన డిస్క్‌చెకర్ స్క్రిప్టుతో పరీక్షించాను. అది ‘ఇంతవరకు డిస్కు మీద పడింది’ అని ఎప్పటికప్పుడు పక్క మెషిన్‌కు చెబుతూ రాస్తుంది, లేచాక లెక్క సరిచూస్తుంది. పడిందని చెప్పినవాటిలో కొన్ని లేవు! అంటే ఆ ఎస్‌ఎస్‌డీ తన క్యాష్‌లో పెట్టుకుని ‘రాసేశాను’ అంటోంది. ఇది నా ఒక్కడి గోల కాదు. 2013లో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు ఇలాగే కరెంటు తీసి చూస్తే 13 ఏదో ఒక తేడా చూపించాయి. ఇప్పుడు, కరెంటు పోయినా క్యాష్‌లోది రాసేందుకు కెపాసిటర్లున్న, సర్వర్లలో వాడే రకం సెకండ్‌హ్యాండ్‌లో కొని పెట్టాను. అదే పరీక్షలో, పడిందని చెప్పినది ఒక్కటీ తప్పిపోలేదు.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. ఇంటి ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే, అది మారేలోపే కంప్యూటర్ పడిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టినా, బ్యాటరీ అయిపోవస్తోందని నాస్‌కు చెప్పే దారి మామూలు ఇన్వర్టర్లలో లేదు. యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ కొన్నాను. ట్రూనాస్‌లోనే ఉన్న, యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండే నట్ సర్వీసు దాన్ని గుర్తుపట్టింది. షట్‌డౌన్‌ను ‘బ్యాటరీ తగ్గాక’ అని పెట్టకండి. బ్యాటరీ పాతబడ్డాక, తగ్గిందని చెప్పేసరికే ఖాళీ అయిపోతుంది. ‘బ్యాటరీ మీదకు వెళ్లాక’ అని పెట్టి, టైమర్ ఇవ్వండి. నెట్‌వర్క్ స్విచ్‌నూ అదే యూపీఎస్‌కు కలపండి.

చివరగా మా ఊరి కరెంటు నేర్పిన సంగతి. కరెంటు రాగానే పెట్టె దానంతటదే లేచేలా బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) పెట్టాం. కానీ నాస్ షట్‌డౌన్ అవుతుండగానే కరెంటు తిరిగొచ్చేస్తే, యూపీఎస్ అసలు ఆగలేదు కాబట్టి కరెంటు పోయినట్టు బోర్డుకు తెలియదు. పెట్టె అలాగే పడి ఉంటుంది, ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కాలి. షట్‌డౌన్ తర్వాత యూపీఎస్‌నూ ఆపమనే ఐచ్ఛికం ట్రూనాస్‌లో ఉంది. దానికి టిక్ పెడితే యూపీఎస్ ఒకసారి ఆగి మళ్లీ కరెంటు ఇస్తుంది, పెట్టె లేస్తుంది. చవక యూపీఎస్‌లు కొన్ని ఈ ఆజ్ఞను పట్టించుకోవు, కొనేముందు అడిగి తీసుకోండి.