అల్యూమినియం స్మెల్టర్‌కు ఏ కరెంటు మేలు?

విశాఖ రేవు నుంచి ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో తయారుచేసే అల్యూమినా (బాక్సైట్ ఖనిజం నుంచి తీసే తెల్లటి పొడి) విదేశాలకు ఎగుమతి అవుతోంది కదా, దాని నుంచి అల్యూమినియం లోహం తీసే కర్మాగారాన్ని, అంటే స్మెల్టర్‌ను, ఇక్కడే పెట్టవచ్చుగా అని చాలామంది అడుగుతుంటారు. స్మెల్టర్ ముడిసరుకు కన్నా ముందు కరెంటును వెతుక్కుంటుంది. బాక్సైట్ గనే లేని ఐస్‌లాండ్‌లో మూడు స్మెల్టర్లు ఉన్నాయి.

టన్ను లోహానికి సుమారు 14,000 యూనిట్లు కావాలి. యూనిట్ ధర ఒక్క రూపాయి పెరిగితే, ఏడాదికి 4.6 లక్షల టన్నుల సామర్థ్యమున్న, ఒడిశాలోని నాల్కో అంగుల్ స్మెల్టర్ లాంటి కర్మాగారం మీద పడే అదనపు భారం 644 కోట్లు.

ధర ఒక్కటే చూస్తే జలవిద్యుత్తుకు తిరుగులేదు. మన దేశంలోనూ అలాగే మొదలుపెట్టారు. హిరాకుడ్, రేణుకూట్, మేట్టూరు స్మెల్టర్లు మూడూ ఆనకట్టల పక్కనే వెలిశాయి, మూడూ చివరికి సొంత బొగ్గు కరెంటుకే మళ్లాయి. వాన తగ్గిన ఏడాది పొలానికీ ఊరికీ కాదని స్మెల్టర్‌కు నీళ్లు వదిలేదెవరు? ఘనాలో వోల్టా జలాశయం అడుగంటినప్పుడు అక్కడి స్మెల్టర్ మూతపడింది. ఐస్‌లాండ్‌లో జనం తక్కువ, నదులు ఎక్కువ కాబట్టి ఆ పద్ధతి అక్కడ చెల్లింది.

నా దృష్టిలో ధర కన్నా ముఖ్యం, కరెంటు ఆగకపోవడం. పాట్‌లలోని (కరెంటు పంపి లోహం తీసే తొట్లలోని) ద్రవం 960 డిగ్రీల దగ్గర కరిగి ఉండాలి. నాలుగైదు గంటలు సరఫరా పోతే గడ్డకడుతుంది, మళ్లీ నడిపించడానికి నెలలు పడుతుంది. 2016 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పోర్ట్‌ల్యాండ్ స్మెల్టర్‌కు ఇదే జరిగింది. అందుకే మన దేశం వరకు నా ఓటు బొగ్గు గని పక్కన సొంత విద్యుత్ కేంద్రానికే. అంగుల్‌లో నాల్కోకు 1,200 మెగావాట్ల కేంద్రం ఉంది, తాల్చేరు బొగ్గు గనులు దగ్గరే. టన్ను లోహానికి రెండు టన్నుల అల్యూమినా చాలు, బొగ్గు మాత్రం దాదాపు పది టన్నులు కావాలి. అంత బొగ్గును విశాఖకు రైళ్లలో మోసుకురావడం కన్నా అల్యూమినానే గని దగ్గరికి పంపడం చౌక.

గ్రిడ్ కరెంటు అత్యవసరానికి పనికొస్తుంది. దాన్నే నమ్ముకున్న స్లోవేకియా స్మెల్టర్ 2022లో ధరలు తట్టుకోలేక లోహం తీయడం ఆపేసింది. సౌర విద్యుత్తు పగటి పూట కొంత బొగ్గును మిగులుస్తుంది, అంతే.

బూడిద, పొగ సంగతి దాచేది కాదు. ఐరోపా సమాఖ్య 2026 నుంచి అమలు చేస్తున్న కార్బన్ సుంకంలో (దిగుమతయ్యే సరుకు తయారీలో వెలువడిన పొగను బట్టి వేసే సుంకం), అల్యూమినియానికి సంబంధించి కరెంటు తయారీలో వెలువడే పొగను ఇప్పటికి లెక్కలోకి తీసుకోవడం లేదు. అది కూడా చేరిన నాడు నా ఓటు మారవచ్చు.