వివో ఎక్స్5 మ్యాక్స్: బక్కపలచని ఫోనుతో పదేళ్లు

పదేళ్ల కిందటి ఫోనుకి ఇప్పుడు సమీక్ష రాయడమేమిటని మా తమ్ముడు నవ్వాడు. నవ్వనీ. 2025లో శామ్‌సంగ్ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్ల మందంతో, ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లతో వచ్చాక సన్న ఫోన్ల మాట మళ్లీ మొదలైంది. మా ఆఫీసులో ఒకాయన కొత్త ఐఫోన్ ఎయిర్ తెచ్చి, "చూడండి మేడమ్, తమలపాకులా లేదూ" అన్నాడు. నేను బ్యాగులోంచి నా పాత వివో తీసి దాని పక్కన పెట్టాను. ఆయన గోరుతో రెండిటి అంచులూ తడిమి, ఒకసారి నా మొహం, ఒకసారి ఫోను చూసి, "ఇదెప్పటిది?" అన్నాడు. 2015 సంక్రాంతి వెళ్లాక కొన్నాను. మందం 4.75 మిల్లీమీటర్లు.

వివో మన దేశంలో అడుగుపెట్టింది ఈ మోడల్‌తోనే, 2014 డిసెంబరులో. ధర 32,980 రూపాయలు. అప్పటికి ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. "అంత డబ్బు పోస్తే పేరున్న కంపెనీదే వస్తుంది కదా" అన్నారు మా ఆయన. అన్నమాట నిజమే. కానీ నా లెక్క వేరు. నాది తెనాలి, ఉద్యోగం బెజవాడలో. రోజూ పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. దుగ్గిరాల, చిలువూరు, కొలనుకొండ దాటి, కృష్ణా కెనాల్‌లో సిగ్నల్ కోసం ఆగి, బ్రిడ్జి ఎక్కి బెజవాడ చేరేదాకా నాకు పాటలే తోడు. ఆ ఏడాది సన్న ఫోన్ల పోటీ జోరుగా ఉంది. జియోనీ 5.15 మిల్లీమీటర్లతో ఈలైఫ్ ఎస్5.1 తెచ్చింది. ఒప్పో ఆర్5 ఇంకా సన్నం, 4.85. అయితే ఆ ఒప్పోలో ఇయర్‌ఫోన్ జాక్ తీసేశారు, మెమరీ కార్డుకి చోటే లేదు. వివో దానికన్నా సన్నగా చేసి కూడా ఆ రెండూ ఉంచింది. పైగా విడిగా ఒక మ్యూజిక్ చిప్పు పెట్టింది. నాకు అంతకన్నా ఏం కావాలి?

ముందు ఆ జాక్ సంగతి చెప్పాలి. ఇయర్‌ఫోన్ పిన్ను లావు మూడున్నర మిల్లీమీటర్లు. ఫోను మందం 4.75. అంటే పిన్ను పోగా అటూ ఇటూ కలిపి మిగిలేది మిల్లీమీటరుంపావు. ఆ కాస్త చోటులోనే జాక్ గోడ, పైన అద్దం వైపు పొర, కింద వీపు అన్నీ సర్దుకోవాలి. ఫోనుని అంచు మీద నిలబెట్టి చూస్తే ఆ రంధ్రం చుట్టూ లోహం దారంలా కనిపిస్తుంది. కొన్న కొత్తలో పిన్ను గుచ్చేటప్పుడల్లా అది ఎక్కడ చీలిపోతుందోనని ప్రాణం గిలగిల్లాడేది. పదేళ్లలో ఎన్ని వేల సార్లు గుచ్చి తీశానో లెక్కలేదు. ఈ రోజుకీ పిన్ను టక్కుమని పట్టుకుంటుంది, గరగర లేదు.

ఇక చేతిలో ఎలా ఉంటుందంటే, వెడల్పు ఎక్కువ, మందం లేదు. అయిదున్నర అంగుళాల తెర. బల్ల మీద పడి ఉన్నప్పుడు వేళ్లతో ఎత్తాలంటే పట్టు దొరకదు, అంచుదాకా జరిపి తీసుకోవాలి. నేల మీద పడ్డ సన్న నాణెం తీసుకున్నట్టే. అప్పట్లోనే ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిందన్న గోల ఊరంతా ఉంది కాబట్టి, అందులో మూడింట రెండు వంతుల మందమే ఉన్న ఈ ఫోను గతి ఏమవుతుందోనని అందరూ భయపెట్టారు. మగవాళ్లు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటారు, నాకు ఆ బాధ లేదు. నా బ్యాగులో దానికి వేరే పరీక్ష ఉండేది: ఒక వైపు స్టీలు క్యారేజీ, ఇంకో వైపు నీళ్ల సీసా, మీద గొడుగు. జనం తోసుకున్నప్పుడు వాటి మధ్య నలిగింది. వంగలేదు. మూలల్లో రంగు లేచింది, అంతే.

భయం కొద్దీ రెండో వారంలోనే నూటయాభై రూపాయల రబ్బరు కవరు తొడిగాను. ముప్ఫై రెండు వేలు పోసి సన్న ఫోను కొని, నూటయాభైతో దాన్ని లావు చేసుకున్నానన్నమాట. ఆ తర్వాత రెండేళ్లు అది సన్నదన్న సంగతే గుర్తులేదు. కవరు తీసి తుడిచేటప్పుడు మాత్రం, అబ్బ, ఇంతేనా ఇది, అనిపించేది.

అసలు విషయం పాటలు. ఫోనుల్లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెల్ని చెవికి వినిపించే విద్యుత్ తరంగంగా మార్చే చిప్పుని డాక్ అంటారు. చాలా ఫోన్లలో ఆ పని ప్రాసెసర్‌తో వచ్చే మామూలు చిప్పు చేస్తుంది. ఇందులో ఈఎస్ఎస్ కంపెనీ సేబర్ డాక్ విడిగా పెట్టారు. ఫోనుతో వచ్చిన మ్యూజిక్ యాప్‌లో హై-ఫై అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే పని ఆ చిప్పుకి వెళ్తుంది.

మొదటి రోజు నొక్కి విన్నాను. నిజం చెప్పాలంటే నిరాశ. పాట గొప్పగా వినిపించకపోగా తాళాల చప్పుడు జల్లెడలో గులకరాళ్లు ఆడించినట్టుంది. ఫోనులో తప్పనుకుని తిట్టుకున్నాను. తప్పు నా కార్డులో ఉంది. ఆ రోజుల్లో మా ఊళ్లో అందరం చేసింది ఒకటే: మెమరీ కార్డు తీసుకెళ్లి డౌన్‌లోడింగ్ కొట్లో ఇస్తే అతను రెండు వందల పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లు, అంటే చోటు కోసం బాగా కుదించినవి, వాటిలో సగం ఎవరో ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదించినవి. పాత ఫోనులో ఆ లోపం తెలిసేది కాదు. మంచి చిప్పు ఉన్నది ఉన్నట్టు వినిపించేసరికి బండారం బయటపడింది. కొత్త కళ్లజోడు పెట్టుకున్నాక ఇంట్లో మూలల దుమ్ము కనిపించినట్టు.

అప్పుడు అటక మీద నుంచి సీడీల పెట్టె దింపించాను. మా నాన్నగారు కొన్న కర్ణాటక సంగీతం సీడీలు, కొన్ని పాత సినిమా పాటల సంకలనాలు. తమ్ముడి కంప్యూటర్లో ఒక్కొక్కటీ ఫ్లాక్ ఫైళ్లుగా, అంటే పాటలో ఏదీ పోకుండా దాచే ఫైళ్లుగా మార్చాను. ఎంపీ3లో అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీ లోపే ఉంటే, ఫ్లాక్‌లో దాదాపు ముప్ఫై. 32 జీబీ కార్డులో వెయ్యి పాటలు పడితే గొప్ప. నాకు వెయ్యి చాలు. ఆ ఎండాకాలం సెలవులన్నీ ఆ పనికే పోయాయి.

తర్వాత విన్నది వేరే సంగతి. వయొలిన్ కచేరీ ఒకటుంది, అందులో రాగం మొదలుపెట్టే ముందు విద్వాంసుడు విల్లుని తీగ మీద ఆనించి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆనించిన చిన్న గీత వినపడింది. వెనక తంబూరా ఒక వైపు, మృదంగం ఇంకో వైపు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ కూడా వినపడిందంటే మీరు నవ్వుతారేమో. చిలువూరు దగ్గర రైలు ఆగి, జనం కాసేపు సద్దు మణిగినప్పుడు విన్నాను దాన్ని. ఇదే చిప్పుకి ఆరొందల రూపాయల ఇయర్‌ఫోన్లు పెడితే తేడా సగమే తెలుస్తుంది. మూడు వేలవి కొన్నాకే పూర్తిగా తెలిసింది. డబ్బా ఇయర్‌ఫోన్లతో విని "హై-ఫై అంతా ఉత్తదే" అనేవాళ్ల మాట నేను పట్టించుకోను.

ఇందులో ఇంకో వేడుక ఉంది, కరోకే. దానికోసం యమహా చిప్పు ఒకటి, వైఎస్ఎస్-205ఎక్స్ అని, ప్రత్యేకంగా పెట్టారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడితే మన గొంతు ఎకోతో కలిసి మన చెవుల్లోనే వినిపిస్తుంది. ఫోనులో ఇదెందుకు అనుకున్నాను. మా పిన్ని వచ్చినప్పుడు తెలిసింది. పిన్ని మంచి గాయని, పెళ్లయ్యాక వంటింట్లో తప్ప పాడలేదు. ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి పాడమన్నాను. రెండు లైన్లు పాడి, చటుక్కున ఆపి, "ఇది నా గొంతేనే?" అంది. ఆ పూట అన్నం గిన్నె పొయ్యి మీద మాడింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కాఫీ కన్నా ముందు "ఆ ఫోను ఇలా తే" అనేది. పిల్లలు కూడా నాలుగు రోజులు అరిచారు, వాళ్లకి త్వరగా మొహం మొత్తింది.

కెమెరా గురించి. వెనక 13 మెగాపిక్సెళ్లు, సోనీ ఐఎంఎక్స్214 సెన్సర్. అదే ఏడాది వచ్చిన వన్‌ప్లస్ వన్‌లో ఉన్నదీ ఇదే. ముందు వైపు 5 మెగాపిక్సెళ్లు, దాన్ని నేను వాడింది తక్కువ. ఫోను ఎంత సన్నదైనా లెన్సుకీ సెన్సరుకీ మధ్య ఉండాల్సిన దూరం ఉండాల్సిందే. అందుకే కెమెరా ఒక మూల బొడిపెలా బయటికి పొడుచుకొచ్చింది. బల్ల మీద పెట్టి టైపు చేస్తే మూడు కాళ్ల పీటలా టకటకా ఊగుతుంది. 4.75 అన్న అంకె ఆ బొడిపెని లెక్కలో వేసుకోకుండా చెప్పిందే. ఈ కిటుకు ఇప్పటికీ మారలేదు, ఐఫోన్ ఎయిర్ వీపు మీదా గట్టు ఉంది.

పగటి వెలుతురులో ఫొటోలు బాగా వచ్చేవి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి దుర్గా ఘాట్‌లో తీసినవి ఇంకా దాచుకున్నాను. మెట్ల మీద ఆరేసిన తడి చీరల అంచులో జరీ గీతలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. సాయంత్రం దీపాలు పెట్టాక తీసినవి మాత్రం వెలుగు ముద్దలు. చెయ్యి కాస్త కదిలితే మనిషికి రెండు ముక్కులు. ఆ కాలం ఫోన్లలో చీకటి ఫొటోలంటే అంతే, ఈ ఫోనుని ప్రత్యేకంగా అనడానికి లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మా అత్తగారు వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తుంటే చెప్పకుండా ఒక ఫొటో తీశాను. పక్కనుంచి ఎండ. ఆవిడ పోయాక ఫొటో కోసం ఇల్లంతా వెతికితే స్టూడియోలో తీయించుకున్న వాటిలో ఒక్కటీ ఆవిడలా లేదు. చివరికి దీన్నే 12x16 సైజులో వేయించాం. హాల్లో గోడ మీద ఉంది.

బ్యాటరీ 2000 ఎంఏహెచ్. ఆ ఏడాదే గెలాక్సీ నోట్ 4లో 3220 ఉంది. సన్నదనం కావాలంటే ఎక్కడో కోత పడాలి, పడింది ఇక్కడే. అట్ట మీద రాసి ఉన్నదే, తెలిసే కొన్నాను, కాబట్టి మోసపోయానని అనను. పొద్దున ఏడింటికి నిండుగా ఉన్నది, మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి సగానికి దిగేది. సాయంత్రం రైలెక్కే ముందు ఆఫీసులో చార్జింగ్ పెట్టుకోవడం మర్చిపోతే దుగ్గిరాల దాకా కూడా టెన్షనే. పవర్‌బ్యాంకు కొన్నాను. అది నాలుగు ఫోన్ల మందం. పెళ్లికూతురి వెంట తోడుపెళ్లికూతురు ఉన్నట్టు ఆ రెండిటినీ కలిపి మోసేదాన్ని. బరువు తక్కువని కొన్న ఫోను మొత్తానికి నా బ్యాగుని బరువే చేసింది.

2018లో బ్యాటరీ మార్పించాల్సి వచ్చింది. మూడేళ్లకి ఏ ఫోనుదైనా అంతే కదా. ఒరిజినల్ దొరకలేదని, దొరికినదాన్ని ఒక చిన్న కొట్లో వేయించుకున్నాను. అది నా తొందరపాటు. నాలుగు నెలలకి బల్ల మీద పెడితే కెమెరా వైపే కాదు, నడుము దగ్గర కూడా ఊగడం మొదలుపెట్టింది. తెర అంచు గోరు పట్టేంత లేచింది. లోపల డూప్లికేట్ బ్యాటరీ ఉబ్బింది. లావు ఫోనైతే ఉబ్బినా కొన్నాళ్లు లోపలే దాచుకుంటుంది, దీనికి దాచుకునే చోటేదీ? ఆ రాత్రే స్విచాఫ్ చేసి, మర్నాడు బెజవాడలో వేరే చోట తీయించాను. అక్కడి కుర్రాడు హీటర్‌తో వీపు వేడిచేసి, గిటార్ వాయించే ముక్కలాంటి పలచటి ప్లాస్టిక్కుతో చుట్టూ కోసుకుంటూ వచ్చాడు. లోపల చూశాను. ఎక్కువ చోటు బ్యాటరీదే, పైన అరచేతిలో సగం లేని బోర్డు. ఆ బోర్డు మీదే నా తంబూరా, మృదంగం అన్నీ ఉన్నాయన్నమాట. అక్కడ రెండోసారి వేయించిన బ్యాటరీ ఇప్పటిదాకా పేచీ పెట్టలేదు.

మిగతావి వేగంగా చెప్పేస్తాను. తెర ఆమోలెడ్, రంగులు కాస్త పెళ్లిపందిరి. స్నాప్‌డ్రాగన్ 615 ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్, ఆ రోజుల్లో ఇబ్బంది పెట్టలేదు, నేను గేములు ఆడను. రెండో సిమ్ కావాలంటే మెమరీ కార్డు తీసేయాలి, రెండిటికీ ఒకటే చోటు. నాకు పాటలే ముఖ్యం కాబట్టి రెండో సిమ్ ఊసెత్తలేదు.

2018 చివర్లో వేరే ఫోను కొని, దీంట్లోంచి సిమ్ తీసేశాను. అప్పటినుంచి ఇది పాటల పెట్టె. సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు, ఎప్పుడూ ఏరోప్లేన్ మోడ్. ఒకప్పుడు పూట గడవని బ్యాటరీ, పాటలకే వాడితే రానూపోనూ ప్రయాణాలకి నాలుగు రోజులు వస్తోంది. వింటుండగా ఫోన్లు రావు, మెసేజ్‌లు రావు. ఇంక ఆ బక్కతనం ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది: బ్యాగులో టికెట్ పెట్టుకునే సన్న అరలోనే ఇదీ పడుతుంది. కవరు ఎప్పుడో తీసేశాను.

ఐఫోన్ ఎయిర్ తెచ్చినాయన నా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాట విన్నాడు. బాగుందన్నాడు, తన ఫోనులో పెట్టి చూస్తానని పిన్ను పట్టుకుని అంచులన్నీ తిప్పి వెతికాడు. దాంట్లో జాక్ లేదు, ఎస్25 ఎడ్జ్‌లోనూ లేదు. నా దాని కన్నా మిల్లీమీటరు దాకా లావుండీ!

ఎక్కడైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొనొచ్చా అంటే, ఫోనుగా వద్దు. పాటలకైతే, బ్యాటరీ ఉబ్బి ఉందేమో అద్దం బల్ల మీద పడుకోబెట్టి చూసి, జాక్‌లో పిన్ను గుచ్చి అటూ ఇటూ కదిపి చూసి, రెండూ బాగుంటే రెండు వేలకి మించకుండా తీసుకోండి. చార్జింగ్ వైరు కూడా అడిగి తీసుకోండి. ఇది పాత మైక్రో యూఎస్‌బీ. పోయిన నెల నా వైరు తెగితే తెనాలి బోసు రోడ్డులో మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్టాయన కింద అరలోంచి దుమ్ము దులిపి ఒకటి తీసి, "ఇంకా ఎవరు వాడుతున్నారమ్మా ఇవి?" అన్నాడు. రెండు ఇవ్వమన్నాను.