సీతాకోకచిలుకల కోసం ఏ అడవికి వెళ్లాలి: తలకోన, అమ్రాబాద్, మారేడుమిల్లి, కేబీఆర్

అడవిని పూలు చూసి ఎంచుకోవద్దు, ఆకులు చూసి ఎంచుకోండి. తేనె కోసం సీతాకోకచిలుక రకరకాల పూల మీద వాలుతుంది. దాని గొంగళిపురుగుకు మాత్రం తన మొక్కే కావాలి. కామన్ బ్యాండెడ్ పీకాక్ అనే జాతి సీతాకోకచిలుకకు బిల్లుడు చెట్టు, బారోనెట్‌కు తునికి, క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ లేదా గాడిదగడప, జెజిబెల్‌కు కొమ్మల మీద పెరిగే బదనిక. దారి పక్క లాంటానా పొదల మీద మూగిన గుంపును చూసి అడవి బాగుందనుకోకండి. అక్కడ తేనె తాగేవాటిలో చాలావరకు గుడ్లు పెట్టేది వేరే మొక్కల మీద. ఆ మొక్కలను అణగదొక్కేది లాంటానాయే.

శేషాచలంలోని తలకోనకే మొదటి ఓటు. ఆకురాల్చే అడవి, వాగు, గిల్లతీగలు అల్లుకున్న నీడ దగ్గరదగ్గరగా ఉండటంతో కొద్దిపాటి నడకలోనే జాతులు మారిపోతాయి. తడి ఇసుక మీద ఎమిగ్రెంట్, జే రకాల సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉప్పు పీలుస్తాయి, ఎక్కువగా మగవే. జలపాతం కింద, వారాంతాల్లో స్నానాల రద్దీలో మాత్రం వెతకొద్దు. జనం తొక్కని ఇసుక ఒడ్డు చూసుకోండి. అక్కడి తాళ్ల వంతెన సరదాకే, ఊగుతుంటే ఫొటో రాదు. నవంబరు వానలు ఇక్కడ గట్టిగానే పడతాయి కాబట్టి డిసెంబరు నయం.

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్లకు కొదవలేదు, ఇబ్బందంతా సఫారీతోనే. ఫర్హాబాద్ జీపు ప్రయాణం పులి కోసం, దారిలో దిగే వీలుండదు. తెల్లవారుజాము ట్రిప్పయితే మరీ దండగ: రెక్కలు వేడెక్కందే ఇవి ఎగరవు, ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకే మంచి సమయం. బస ప్యాకేజీలో గైడుతో నడక ఉంటేనే తీసుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. శ్రీశైలం రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేటు మూసేస్తారు. బస లోపలైతే చీకటి పడకముందే చేరుకోండి.

బస విషయంలో తూర్పు కనుమల్లోని మారేడుమిల్లిదే పైచేయి. వన సంరక్షణ సమితి నడిపే గదుల నుంచి అడుగు బయట పెడితే చెట్లే. వెదురు పొదల నీడలో ట్రీబ్రౌన్ రకం సీతాకోకచిలుకలు, సాయంత్రం మసక వెలుతురులో ఈవెనింగ్ బ్రౌన్‌లు. ఎండలో తిరిగే జాతులే కావాలంటే ఇంత దూరం రానక్కర్లేదు.

హైదరాబాద్ కేబీఆర్ పార్కు సీతాకోకచిలుకల లెక్కింపు నేర్చుకోవడానికి సరిపోతుంది. దారికి అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందుకు ఐదు మీటర్లు, ఈ పరిధిలో కనబడ్డవే రాయాలి. నిదానంగా, ఒకే వేగంతో నడవాలి. రాతినేల, పొదలు, చెట్ల నీడ... వేటి లెక్క వాటిదే. కలిపేస్తే ఏ జాతి ఏ పచ్చదనానికి కట్టుబడిందో తేలదు. గుడ్డు పెడుతున్న ఆడది కనబడితే ఆ మొక్కను ఆకు, కాయ, కాండంతో సహా ఫొటో తీయండి. ఒక్క ఆకుతో మొక్కను గుర్తుపట్టడం కష్టం. సీతాకోకచిలుకకు రెక్కల అడుగుభాగం తప్పనిసరి, బ్లూ అనే చిన్న రకాలను గుర్తుపట్టే మచ్చలు ఎక్కువగా అక్కడే. వల తీసుకెళ్లొద్దు, రక్షిత అడవిలో అనుమతి లేకుండా పట్టడం నేరం. రెండు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అయ్యే బైనాక్యులర్ చాలు.