1950, 60లలో కాంగ్రెస్‌కి గట్టి పోటీ ఎవరు: కమ్యూనిస్టులా, స్వతంత్ర పార్టీయా?

నన్నడిగితే కమ్యూనిస్టులే. రాజాజీ, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి స్వతంత్ర పార్టీ మీద గౌరవం ఉండి కూడా ఈ మాటే అంటాను.

1952 లోక్‌సభ లెక్క చూడండి. కాంగ్రెస్‌కి 45 శాతం ఓట్లతో 489లో 364 సీట్లు. సోషలిస్టులకి పది శాతం దాటినా దక్కినవి 12, ఎందుకంటే వాళ్ల ఓటు దేశమంతా చెల్లాచెదురైంది. కమ్యూనిస్టులకి మూడు శాతం పైచిలుకే పడ్డా 16 వచ్చాయి. పోరాటం చేసిన ఊళ్లలోనే వాళ్ల ఓటు ఉంది మరి. నల్గొండలో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయంటే ఊరికే పడలేదు, భూమి కోసం, వెట్టికి ఎదురుగా నిలబడ్డ మనుషులు వేసిన ఓట్లవి.

1955 ఆంధ్ర ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయారుగా అంటారు. నిజమే, 196లో 15 సీట్లే. కానీ ఓట్లు 31 శాతం! కాంగ్రెస్ ఈసారి ప్రకాశం గారిని, రంగా గారి కృషికార్ లోక్ పార్టీని కలుపుకుని ముఖాముఖి పోటీ పెట్టింది, అంతకుముందులా ఓట్లు చీలలేదు. దానికితోడు సరిగ్గా ఆ సమయానికే సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూని మెచ్చుకుంటూ రాస్తే, కాంగ్రెస్ వాళ్లు దాన్నే ప్రచారానికి వాడుకున్నారు. పరాయి దేశం వైపు చూసే పార్టీకి ఈ తిప్పలు తప్పవు, నాకు వాళ్లలో నచ్చనిది కూడా ఇదే.

స్వతంత్ర పార్టీ 1959లో పుట్టింది. నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం, అంటే రైతులు పొలాలు కలిపి ఉమ్మడిగా సాగు చేయాలనే తీర్మానం చేయడంతో పొలం పోతుందని రైతుకి టెన్షన్ పట్టుకుంది, రంగా గారు కాంగ్రెస్ వదిలి కొత్త పార్టీకి అధ్యక్షుడయ్యారు. వ్యాపారానికి అడుగడుగునా సర్కారు అనుమతి కావాలనే లైసెన్సు, పర్మిట్ల పాలన మీద వాళ్లు చెప్పినవాటిలో చాలా మాటలు సరైనవే, పార్లమెంటులో అంత పద్ధతిగా వాదించినవాళ్లు తక్కువ. 1967లో 44 సీట్లతో పెద్ద ప్రతిపక్షం కూడా అయ్యారు. అయితే రాజస్థాన్, ఒడిశాల్లో ఆ బలం చాలావరకు రాజకుటుంబాలది, ఊళ్లో జెండా మోసే కార్యకర్తది కాదు. 1971కల్లా ఎనిమిదికి పడిపోయారు, 1974లో పార్టీయే మరో పార్టీలో కలిసిపోయింది.

మన దగ్గర 1962లో స్వతంత్రకి 19 అసెంబ్లీ సీట్లు వస్తే కమ్యూనిస్టులకి 51. అలాంటి కమ్యూనిస్టు పార్టీ 1964లో రెండు ముక్కలైంది. 1967లో రెండు ముక్కలూ కలిపినా అసెంబ్లీలో పాతిక దాటలేదు, కాంగ్రెస్‌కి అంతకంటే ఏం కావాలి?