రాజ్యాంగానికి 1950 నాటి అర్థమా, ఇవాళ్టి అర్థమా: ఏది మేలు?

లా విద్యార్థులు, జ్యుడీషియల్ సర్వీస్ పరీక్షలకు చదివేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది.

నాటి అర్థమే పట్టుకోవాలనే పద్ధతికి సుప్రీంకోర్టులో గోపాలన్ కేసు (1950) ఉదాహరణ. అది ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణ మీద నడిచింది. రాజ్యాంగ సభ 'డ్యూ ప్రాసెస్' (చట్టం చెప్పిన ప్రక్రియ న్యాయంగా కూడా ఉండాలనే సూత్రం) అన్న మాటను కావాలనే వదిలేసింది కాబట్టి, స్వేచ్ఛను హరించడానికి చట్టం ఒక ప్రక్రియ చెబితే చాలన్నారు జడ్జీలు. తీర్పు ఎటు పోతుందో ముందే తెలియడం ఇందులో లాభం. చట్టమే చెడ్డదైతే పౌరుడికి దిక్కు లేకపోవడం నష్టం. 1978లో మేనకా గాంధీ కేసులో ఏడుగురు జడ్జీలు ఆ ప్రక్రియ న్యాయంగా, సహేతుకంగా ఉండాలన్నారు. 21వ అధికరణలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

నా మొగ్గు ఇవాళ్టి అర్థం చెప్పే ఈ రెండో పద్ధతికే. కానీ అది నిలబడేదీ పడేదీ బెంచి బలం మీద, అంటే ఎంతమంది జడ్జీలు కూర్చున్నారన్న దాని మీద: పెద్ద బెంచి తీర్పును చిన్న బెంచి కాదనలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, టి. సరిత కేసులో హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం గోప్యతను కాలరాయడమేనన్నది ఆయన తర్కం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. గోప్యత హక్కు లేదన్న పాత తీర్పుల్లో ఎం.పి. శర్మ (1954) ఎనిమిది మందిది, ఖరక్ సింగ్ (1962) ఆరుగురిది. అందుకే 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన పుట్టస్వామి కేసుకు తొమ్మిది మంది కూర్చోవాల్సి వచ్చింది. పుట్టస్వామితో 9వ సెక్షన్ కూడా పోయిందని రాస్తే మాత్రం తప్పే. ఆ కేసులో ఆ సెక్షన్ విచారణకే రాలేదు.

బెంచి లెక్క తేలాక చూడాల్సింది, కొత్త అర్థం ఏ మాటకు వేలాడుతోందని. 1993లో సుప్రీంకోర్టు, జడ్జీల నియామకం గురించిన 124వ అధికరణలో ప్రధాన న్యాయమూర్తితో 'సంప్రదింపు' అన్న మాటను దాదాపు 'సమ్మతి' అని చదివింది. ప్రధాన న్యాయమూర్తికి అలాంటి వీటో ఇవ్వడం ప్రమాదకరమని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పారు. ఇది అర్థం చెప్పడం కాదు, మాట మార్చడమే.

368వ అధికరణ కింద పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించడం అనే మూడో దారి ఉంది. మెజారిటీ ఉన్నవాళ్లకు పనికొస్తుంది, గొంతు లేనివాళ్లకు అంతగా కాదు.

ట్రాన్స్‌జెండర్ల హక్కులను సుప్రీంకోర్టు గుర్తించిన నల్సా కేసు (2014) చూడండి. సమానత్వం గురించిన 14వ అధికరణలో ఉన్నది 'వ్యక్తి' అన్న మాట, ఆడా మగా అని కాదు. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. దానికి రాజ్యాంగంలో కొత్త మాటేమీ చేర్చాల్సిన పని పడలేదు.